నీళ్ల ట్యాంకు లెక్క

సెప్టెంబర్ 7, 2025, ఆదివారం

స్టవ్ మార్చాం. పాతదాని నాబ్‌లు వదులయ్యాయి. ఆపామనుకుంటే ఆగదు, సన్నగా మండుతూనే ఉంటుంది. మొన్న పాలగిన్నె మాడి బొగ్గయ్యాక ఇక లాభం లేదనిపించింది. కొత్తదాని నాబ్ తిప్పితే టక్కుమని చప్పుడొస్తుంది. సారుకు రెండుసార్లు చూపించాను.

"నాకు స్టవ్ ముట్టించుడు నేర్పుతున్నవా జమునా?" అని నవ్వాడు.

మానుకోటలో అందరూ ఆయన్ని ప్రేమ్‌సింగ్ సారు అంటారు. పెళ్లయిన కొత్తలో భర్త పేరు పలకకూడదని నేనూ సారు అన్నాను. అదే ఉండిపోయింది.

సెప్టెంబర్ 9

బయ్యారం అవతలి తండాలో అరవై దాటినవాళ్లకు స్క్రీనింగ్. పదకొండు మందికి బీపీ, షుగర్ చూసి ట్యాబ్‌లో ఫారాలు నింపాను. ఇరవై తొమ్మిదేళ్ల నర్సు ఉద్యోగంలో ఇన్ని ఫారాలు ఎప్పుడూ లేవు. ఇల్లు చేరేసరికి ఆరున్నర. పొద్దున నేను వెళ్లేటప్పుడు ఎలా కూర్చున్నాడో సారు అలాగే కంప్యూటర్ ముందు ఉన్నాడు. అన్నం గిన్నె మూత తీయలేదు.

"తినలేదా?"

"తిన్న గద."

గిన్నె తెచ్చి చూపించాను. దాని వంక కాసేపు చూశాడు. "పనిల పడ్డ" అన్నాడు.

నిజమే, పుస్తకంలో పడితే ఆయనకు ఆకలి తెలియదు. రిటైరైనప్పటి నుంచి రాస్తున్నాడు, తండా పిల్లల కోసం లెక్కల పుస్తకం. ఆపిల్ పండ్లు, సముద్రంలో ఓడలు ఉండవు అందులో. మిరప కల్లాలుంటాయి, ఇప్పపూలుంటాయి, గార్ల బస్సు ఉంటుంది. వంద లెక్కలు రాయాలని పట్టుదల. పోయిన ఏడాదికే డెబ్బై అయ్యాయన్నాడు.

సెప్టెంబర్ 13

సారు నిన్న రాసిన పేజీ కనబడలేదు. సేవ్ చేశానంటాడు. నేనూ వెతికాను, లేదు. ఇంకో పేజీలో ఒకే వాక్యం మూడుసార్లు వచ్చింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాడు.

నేనే అన్నాను. "నీదేం లేదు. కంప్యూటర్ పాతదైంది. అదే మింగుతున్నది."

"అంతేనంటవా?"

"అంతే. ఉమ డిగ్రీల చేరినప్పుడు కొన్నది. పదమూడేండ్లాయె."

ఆయన ముఖం తేటపడింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి టీ తాగాం.

సెప్టెంబర్ 16

కంప్యూటర్ తెరవగానే ఒక నోటీసు వస్తోంది. అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ అయిపోతుందట. కొత్తదానికి మారాలట. మారడానికి మాత్రం ఈ కంప్యూటర్ సరిపోదట.

"చూసినవా, నేను చెప్పలే?" అన్నాను సారుతో. నాకెందుకో సంతోషంగా అనిపించింది. తాను పాతదాన్నని అదే ఒప్పుకుంది.

భూపాలపల్లిలో ఉండే మా అమ్మాయి ఉమకు ఫోన్ చేస్తే, కొత్త లాప్‌టాప్ పంపుతానంది. సారు వద్దన్నాడు. "బాపు దోస్తాన దాంతోని కుదిరింది, ఇంకోటి ఎట్ల ఇష్టపడతడు" అని ఉమ నవ్వి, "రజనక్కను అడుగు యాడీ" అంది. అమ్మను మా తండా భాషలో యాడీ అంటాం.

సెప్టెంబర్ 21, ఆదివారం

రజని వచ్చింది. దేవరుప్పుల బడిలో సారు దగ్గర ఆరు నుంచి పది దాకా చదివిన పిల్ల. ఇప్పుడు ఇక్కడి కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. గడపలోనే సారు కాళ్లు మొక్కింది. ఆయన నవ్వుతూ ఆశీర్వదించాడు గానీ పేరు పెట్టి పిలవలేదు. ఆ పిల్ల కళ్లద్దాలు పెట్టుకుంది, లావైంది, గుర్తుపట్టడం కష్టమే.

కంప్యూటర్ వెనక్కీ ముందుకీ చూసింది. "విండోస్ పదకొండు దీనికి పట్టది సార్. కొత్తదన్న కొనాలె, లేకుంటే విండోస్ జాగల లైనక్స్ పెట్టాలె. అది ఫ్రీ. మా కాలేజిల పక్కకు పడేసిన సిస్టమ్‌లన్నిటికి అదే పెట్టిన. మంచిగ ఉరుకుతున్నయి."

"ఉండనీ బిడ్డా" అన్నాడు సారు. "దాన్ని కదపకు. నడుస్తున్నది గద."

"ఏడ నడుస్తున్నది? రాసింది రాసినట్టు మింగబట్టె" అన్నాను.

సారు నా వంక చూశాడు. "నీ ఇష్టం" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పెట్టి, లోపల ఏమీ మార్చకుండానే కొత్తది ఎలా ఉంటుందో చూపించింది రజని. తెలుగు అక్షరాలు అవే మీటల మీద ఉన్నాయి. సారు "తండా" అని కొట్టాడు. వచ్చింది. దసరా అయ్యాక ఆదివారం వచ్చి మార్చేస్తానంది.

సెప్టెంబర్ 26

తలుపు తాళం మార్చాం. పాతది సరిగా పడటం లేదు.

అక్టోబర్ 2, దసరా

ఉమ వచ్చింది. సారు దాన్ని రెండుసార్లు "కమలా" అని పిలిచాడు. కమల ఆయన చెల్లెలు, పోయి ఎనిమిదేళ్లు. ఉమ నవ్వింది, నేనూ నవ్వాను. మేనత్త పోలికలు దానికి మొదటి నుంచీ ఉన్నాయి.

అక్టోబర్ 5, ఆదివారం

మార్చేశాం.

రజని పదింటికి వచ్చింది. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసిపెడతానంది. సారు పక్కనే కుర్చీ వేసుకుని, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఉమ పెళ్లి ఫోటోలు ఒక ఫోల్డర్. లెక్కల పుస్తకం ఒకటి. ఇంకోదాని పేరు "పాతవి". అందులో ఫైళ్లకు పేర్లు లేవు, అంకెలే. 1 నుంచి 212 దాకా.

రజని ఒకటి తెరిచింది, ఇంకోటి తెరిచింది, మరోటి. "ఇదేంది సార్, అన్నిట్ల ఒకటే లెక్క?"

నేనూ వంగి చదివాను. "ఒక తండాలో నీళ్ల ట్యాంకు ఉంది. మొదటి పైపు తిప్పితే ఆరు గంటల్లో నిండుతుంది. రెండో పైపు తిప్పితే మూడు గంటల్లో నిండుతుంది. రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపట్లో నిండుతుంది?"

"కాపీల మీద కాపీలు అయినట్టున్నయి. తీసేద్దునా?"

"గిట్లనే చేస్తది రజనీ అది. చూసినవా?" అన్నాను.

"తియ్యకు!"

క్లాసులో అరిచినట్టు అరిచాడు సారు. రజని మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. ఆయన గొంతు తగ్గించి, "అన్ని ఉండాలె బిడ్డా. ఒక్కటి గూడ పోవద్దు" అన్నాడు.

అన్నీ తీసింది. ఆ తర్వాత కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. డిస్కులో ఉన్నదంతా తుడిచేసి కొత్తది పెట్టాలా అని. తుడిచాక వెనక్కి రాదట. "నొక్కుదునా సార్?" అంది రజని. సారు నా వైపు చూశాడు.

"నొక్కమ్మా" అన్నాను నేను.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తెరిస్తే ఇప్పుడు అరనిమిషం కూడా పట్టడం లేదు. ఇంతకుముందు ఆన్ చేసి నేను కూర తరుక్కుని వచ్చేదాన్ని. ఫైళ్లన్నీ మళ్లీ లోపల పెట్టింది. పుస్తకం తెరిచింది, ఒక్క అక్షరం చెదరలేదు. తేదీల ప్రకారం ఫైళ్లు ఎలా చూడాలో, పోయినవి ఎలా వెతకాలో నాకు కూడా నేర్పింది.

ఇక అన్నీ సరిగ్గా ఉంటాయి.

అక్టోబర్ 8

సారు ఇంకా అలవాటు పడుతున్నాడు.

అక్టోబర్ 10

అలవాటు పడుతున్నాడు. కొత్తది ఎవరికైనా కొన్నాళ్లు పడుతుంది.

అక్టోబర్ 14

పాత విండోస్‌కు ఇవాళే ఆఖరు రోజట. మా ఇంట్లో దానికి ముందే కాలం చెల్లిపోయింది. అంతా బాగుంది. సారు ఒక పేజీ రాశానన్నాడు. నేను చూడలేదు. చూడవలసిన పనేముంది.

అక్టోబర్ 19, ఆదివారం

పొద్దున వంటింట్లో ఉంటే ఏదో కింద పడ్డ చప్పుడు. వెళ్లి చూస్తే కీబోర్డు నేల మీద ఉంది. సారు నిలబడి ఉన్నాడు.

"నాది నాకియ్యి! నాది తీసేసి ఎవ్వరిదో పెట్టిండ్రు. నా లెక్కలన్ని ఏవి?"

"దాంట్లనే ఉన్నయి."

"లెవ్వు! నువ్వు, గా పిల్ల కలిసి నా పని ఖరాబ్ చేసిండ్రు."

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది ఒకటి రెండుసార్లు. రజనికి ఫోన్ చేశాను. పాపం చర్చికి వెళ్లబోతున్నదల్లా ఇటు వచ్చింది. సారు పక్కన కూర్చుని, "సార్, మీరు ఎట్ల చేస్తరో నాకు చూపియ్యిండ్రి" అంది. గంటసేపు కూర్చుంది. ఏమీ చెప్పలేదు, ఏమీ ముట్టుకోలేదు. ఉత్తగా చూసింది.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది.

"అమ్మా, సార్ పుస్తకం పేజి రాస్తున్నడు. రాసినంక మూసేస్తున్నడు. దాచి పెట్టాల్నా అని అడుగుతది, వద్దు అని నొక్కుతున్నడు. మళ్ల ఇంకోటి తెరిచి అదే రాస్తున్నడు. మూడుసార్లు చూసిన."

"కొత్త కంప్యూటర్ గద. పాతదే మళ్ల పెట్టు."

"పెడత. గంట పని. కాని అమ్మా..." ఆ పిల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "తప్పు దాంట్ల లేదు. అప్పుడు గూడ దాంట్ల లేకుండె."

"నువ్వు కంప్యూటర్ల డాక్టరువు, మనుషుల డాక్టరువు కాదు" అన్నాను. అలా అనాల్సింది కాదు. తలవంచుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. టీ కూడా ఇవ్వలేదు.

అక్టోబర్ 20, దీపావళి

రజని ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అక్టోబర్ 22

తండాలో స్క్రీనింగ్. ఇవాళ సారు మేనత్త తుల్సీబాయి వంతు. ఎనభై దాటాయి, నడుం పూర్తిగా వంగింది. బీడీ తాగుతావా, దగ్గొస్తుందా, కళ్లు కనబడుతున్నాయా, అన్నీ అడిగి ఆఖరికి వచ్చాను. దగ్గరివాళ్ల పేర్లు గానీ ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నావా?

గట్టిగా నవ్వి మా భాషలో అంది. "నేనెందుకు మరుస్త? మీ సారును అడుగు. మొన్న సంతల ఎదురైతే 'ఎవలమ్మా నువ్వు' అన్నడు. ఎత్తుకోని తిప్పిన పిల్లగాడు. అంత పెద్దగైండా వాడు?"

ఆమె ఫారంలో "లేదు" దగ్గర టిక్ పెట్టాను. తర్వాత ఇంకా నలుగురిని చూశాను. ఆ నలుగురిని ఏమడిగానో, ఏం నింపానో గుర్తు లేదు.

అక్టోబర్ 29

తుఫాను వాన. తండా రోడ్డు మీది నుంచి నీళ్లు పోతున్నాయట, డ్యూటీకి పోలేదు. రోజంతా కరెంటు లేదు. కంప్యూటర్ గురించి మాట్లాడుకోవలసిన అవసరం లేకుండా ఒక రోజు గడిచింది. సారు కిటికీ దగ్గర కూర్చుని చూరు నీళ్లు చూశాడు. నేను ఆయన్ని చూశాను.

నవంబర్ 2, ఆదివారం

మధ్యాహ్నం అన్నం తిని సారు పడుకున్నాడు. నేను కంప్యూటర్ తెరిచాను. రజని నేర్పినట్టు "పాతవి" ఫోల్డర్‌ను తేదీల వరుసలో పెట్టుకుని ఒకటో నంబరు నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఒకటో నంబరు, ఫిబ్రవరి 2024. నీళ్ల ట్యాంకు లెక్క. కింద జవాబు కూడా చేసి ఉంది. "ఒక గంటలో మొదటి పైపు ఆరో వంతు నింపుతుంది. రెండోది మూడో వంతు. రెండూ కలిపి సగం. కనుక రెండు గంటల్లో నిండుతుంది." రెండో నంబరు నాలుగు రోజుల తర్వాతది. అదే లెక్క, అదే జవాబు. మూడు, నాలుగు, పది, ఇరవై. వారానికి రెండు మూడు.

కాపీలైతే ఒకే రోజువి ఉండాలి. ఇవి ఒక్కొక్కటీ విడివిడిగా కూర్చుని రాసినవి.

అరవై దాకా ఒక్క తప్పు లేదు. డెబ్బై నాలుగులో మొదటి పైపు మూడు గంటలైంది, రెండోది ఆరు. తొంభై ఒకటిలో జవాబు తొమ్మిది గంటలని ఉంది. దాని కింద, "తప్పు. రెండు పైపులు తిప్పితే ఇంకా ఆలస్యమెట్లయితది? సిగ్గుండాలె." మళ్లీ చేశాడు, సరిగ్గా వచ్చింది. నూట యాభై ఎనిమిదిలో, "ఆరో వంతు, మూడో వంతు, ఆ తర్వాత?" అని ఆగిపోయింది. నూట తొంభైలో, "మొదటి పైపు ఆరు గంటలు. మొదటి పైపు ఆరు గంటలు. మొదటి పైపు ఆరు గంటలు."

రెండు వందల మూడు మొత్తం సరిగ్గా ఉంది. చివర "రెండు గంటలు" అని పెద్ద అక్షరాల్లో. ఈ ఏడాది జూలై 18. ఆ రోజు నాకు గుర్తుంది. సాయంత్రం మిర్చీ బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. ఏంది విశేషమంటే ఊరికే అన్నాడు.

రెండు వందల పన్నెండు, సెప్టెంబర్ 12. "తండాలో ట్యాంకు ఉంది. నీళ్లు"

అంతే. ఆ తర్వాత లేదు. సెప్టెంబర్ 13న ఏం జరిగిందో ఈ డైరీలోనే వెనక్కి తిప్పి చూశాను. కంప్యూటర్ పాతదైందని నేను చెప్పిన రోజు అది.

నవంబర్ 3

రాయలేను.

నవంబర్ 4

సెలవు పెట్టాను. పొద్దున టిఫిన్ అయ్యాక సారును ఎదురుగా కూర్చోబెట్టుకుని ట్యాబ్ తెరిచాను. ఊళ్లో అందరికీ ఎలా చేస్తానో అలాగే మొదలుపెట్టాను. పేరు, వయసు, చిరునామా.

"నీకు తెల్వదా నా పేరు?"

"అడగాలె. అందరిని అడుగుత."

చెప్పాడు. ఇంటి నంబరు దగ్గర ఆగాడు. వీధి పేరు చెప్పాడు. బీడీ తాగుతావా అంటే నవ్వాడు. బీపీ మందులు వేసుకుంటున్నావా అంటే, "నువ్వే ఇస్తున్నవు గద" అన్నాడు. తర్వాతి ప్రశ్న వచ్చింది. ఎన్ని వందల మందిని అడిగానో ఆ ప్రశ్న. తెలుగులో అడగలేకపోయాను. ఉమ చదువు కోసమని ఇంట్లో తెలుగు మాట్లాడటం మొదలుపెట్టి పాతికేళ్లయింది, తండాకు పోతే తప్ప మా ఇద్దరి మధ్య మా భాష రాదు. ఇవాళ మా భాషలోనే అడిగాను. నీ వాళ్ల పేర్లు మరిచిపోతున్నావా?

"మర్చిపోతున్న" అన్నాడు, అదే భాషలో.

ఆయనే మొదలుపెట్టాడు.

"నాకు ఎప్పటినుంచో తెలుసు జమునా. రిటైరైన ఏడాది ఫిబ్రవరి నెలల బయ్యారం బడికి పిలిచిండ్రు, పదో తరగతి పిల్లలకు రెండు మాటలు చెప్పుమని. బోర్డు మీద ట్యాంకు లెక్క ఏసిన. వెయ్యిసార్లు చెప్పిన లెక్క. సగంల ఆగిపోయింది. చాక్‌పీస్ పట్టుకోని నిలబడ్డ. ఏం చెయ్యాల్నో తోస్తలేదు. ఒక ఆడపిల్ల లేచి వచ్చి చేసి పోయింది. పిల్లలు నేను కావాలనే ఆగిన అనుకున్నరు, సప్పట్లు కొట్టిండ్రు."

"అప్పటినుంచి రాస్తున్నవా?"

"పాతది చూడకుండ రాయాలె. వస్తే నేను బాగున్నట్టు. రాకుంటే లేనట్టు. మొదట్ల వచ్చేది."

"నాకెందుకు చెప్పలే?"

ఆయన నా చేతిలోని ట్యాబ్ వంక చూశాడు. "నువ్వు స్టవ్ మార్చినవు. తాళం మార్చినవు. కంప్యూటర్ పాతదైందన్నవు. నువ్వు గట్ల అంటుంటే మంచిగుండేది. నువ్వు నర్సువు, నీకు తెలుస్తది గద. నువ్వే కాదంటున్నవంటే కాదేమో అనుకున్న. ఇగ లెక్క రాసుడు బంద్ పెట్టిన."

"మరి రజని మారుస్తనంటె వద్దన్నవెందుకు?"

"అది మారితే ఇగ తప్పు దేని మీద పెట్టాలె చెప్పు?"

ఫారంలో "అవును" దగ్గర టిక్ పెట్టాను. నా చేత్తో. ఆయన లేచి నా తల మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చాను.

నవంబర్ 9, ఆదివారం

ఉమకు ఫోన్‌లో అన్నీ చెప్పాను. "వస్తున్న" అంది. వరంగల్లో నరాల డాక్టరు దగ్గర పద్నాలుగో తారీఖుకు నంబరు తీసుకుంది.

రజని ఇంటికి నేనే వెళ్లాను. గుమ్మంలో నిలబడి, "ఆ రోజు నిన్ను మాట అన్న బిడ్డా" అన్నాను. తను నన్ను లోపలికి లాగి కూర్చోబెట్టింది. "నాకు ఇంట్ల తెలుసమ్మా. మా తాతకు గిట్లనే అయింది. అందుకే సమజయింది" అంది. కాసేపటికి, "పాతది మళ్ల పెట్టాల్నా?" అని అడిగింది.

"వద్దు. ఇదే ఉండనీ."

నవంబర్ 14

వరంగల్. తలకు స్కాన్ తీశారు. డాక్టరు చిన్న వయసావిడ, ఓపికగా చెప్పింది. మందులున్నాయి, నెమ్మది చేస్తాయి, పోయింది మాత్రం తిరిగి తేలేవు. సారు చేతులు కట్టుకుని విన్నాడు. "ఎన్నేండ్లు?" అని ఒక్కటే అడిగాడు. ఒక్కొక్కరికి ఒక్కోలా అంది.

బయటికొచ్చాక సారు నీళ్ల బాటిల్ కోసం వెళితే ఉమ నా వైపు తిరిగింది. "నీకు తెల్వలేదా యాడీ? నువ్వు నర్సువు గద."

సారు సరైన దుకాణానికే వెళ్లాడా అని చూస్తున్నాను. సరైనదానికే వెళ్లాడు. మూడు బాటిళ్లు తెచ్చాడు.

నవంబర్ 23, ఆదివారం

రజని వచ్చి కంప్యూటర్‌ను ఆయనకు తగ్గట్టు సర్దింది. అక్షరాలు పెద్దవి చేసింది. తెర మీద రెండే గుర్తులు ఉంచింది, ఒకటి పుస్తకం, ఒకటి ఫోటోలు. మూసేటప్పుడు అడగకుండానే దానంతట అదే దాచుకునేలా చేసింది. పాతదానికైతే ఇన్ని మార్పులు ఎలా చేయాలో తనకు తెలియదట, ఇది మనం ఎలా అంటే అలా వంగుతుందట.

తర్వాత ఇద్దరూ పుస్తకం తెరిచారు. ఒక్కో లెక్కా రజని చదివింది, సారు విన్నాడు. చాలావాటికి ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. కొన్నింటి దగ్గర, "ఇది నేనే రాసిన్నా?" అని అడిగాడు. సాయంత్రానికి తేలింది, నిక్కచ్చిగా ఉన్నవి డెబ్బై ఒకటి. "మిగిలినవి నేను రాయనా సార్, మీరు చెప్తుంటే?" అంది రజని.

"వద్దు బిడ్డా. డెబ్బై ఒకటి చాలు. వంద అని ఎవలు పెట్టిండ్రు? నేనే పెట్టుకున్న."

కాలేజీలో ప్రింట్ తీయించి సెలవుల్లోపే తండా బడికి ఇద్దామని చెప్పి రజని వెళ్లిపోయింది.

తను వెళ్లాక సారు కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నాడు. "నేను చెప్త, నువ్వు కొట్టు. నాకు మంచిగున్నప్పుడే చెప్పాలె."

నేనెప్పుడూ తెలుగు టైపు చేయలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక్క వేలితో కొట్టాను. ఆయన తొందర పెట్టలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలతో వేగిన మనిషి.

"రేపటి నుంచి నాకు బండి తాళం ఇయ్యొద్దు. అడిగితే గూడ ఇయ్యొద్దు.

"జమున నౌకరి ఇడువొద్దు. తండాల పిల్లలకు సూదులు ఎవలిస్తరు.

"ఉమకు ఏదీ దాచిపెట్టొద్దు. అది చిన్న పిల్ల కాదు.

"నేను కోపం చేస్తే, గది నేను కాదు, రోగమని అనుకోవద్దు. నేనే. కాని మనసుల పెట్టుకోవద్దు."

ఇక్కడ నేను ఆగాను. "కొట్టు" అన్నాడు. కొట్టాను.

"తండాకు పోయినప్పుడు నన్ను ముందట నడవనియ్యాలె. నువ్వు ఎనుక రావాలె. దారి తప్పితే పేరు పెట్టి పిలువు. చెయ్యి పట్టుకోని తీస్కపోవద్దు. నేను చదువు చెప్పిన పిల్లలు చూస్తరు."

ఇంకేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి మొదటి నుంచి చదివాడు. రెండో పేరాలో "సూదులు"కు దీర్ఘం లేదన్నాడు. పెట్టాను. "దాచిపెట్టొద్దు"లో ఒక ఒత్తు పోయిందన్నాడు. పెట్టాను. ఆఖరి వాక్యంలో "చదువు"కు "చదవు" పడిందన్నాడు. అదీ దిద్దాను.

నేను మళ్లీ ఒకసారి చూసుకున్నాను. తప్పులు మూడూ నావే.